విదేశంలో నేర్చిన పని బెజవాడలోనో గుంటూరులోనో నిలబడాలంటే

అమెరికా నుంచో, యూరప్ నుంచో, గల్ఫ్ నుంచో వచ్చేసి ఇక్కడ ఏదో ఒకటి మొదలుపెడదామనుకునేవాళ్లు గవర్నర్‌పేటలో మా ఆఫీసు మెట్లెక్కగానే ముందు టాక్స్ గురించి అడుగుతారు. ఆడిటర్‌ని కాబట్టి అడగడం న్యాయమే. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: "మీరు చెప్తున్న పని అక్కడ మీ చేత్తో చేశారా, జరుగుతుంటే చూశారా?"

కొందరు నొచ్చుకుంటారు. "మేడమ్, పన్నెండేళ్లు అదే ఇండస్ట్రీలో ఉన్నాను" అంటారు. ఉండొచ్చు. కానీ పన్నెండేళ్లు మీరు చేసిన పని వెనకాల మీరు చేయని పని ఇంకెంతో ఉంటుంది. లారీ చెప్పిన టైముకి వచ్చేది. ల్యాబు రిపోర్టు ఇస్తే ఎవరూ అనుమానించేవాళ్లు కాదు. సరుకు తీసుకున్నవాడు ముప్పై రోజులకి డబ్బు వేసేవాడు. ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో అమర్చిపెట్టినవే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరు రచ్చ గెలిచొచ్చారు, ఇంట గెలవడం ఇంకా మిగిలే ఉంది.

అందుకని మొదటి పని ఇది. ఒక తెల్లకాగితం తీసుకుని నిలువునా మడవండి. ఎడమవైపు అక్కడ మీరు స్వయంగా చేసినవి రాయండి. కుడివైపు మీరు రాకముందే అక్కడ సిద్ధంగా ఉన్నవి రాయండి: కరెంటు, కోల్డ్ ట్రక్కు, శిక్షణ పొందిన మనిషి, మాట నమ్మే కొనుగోలుదారు, త్వరగా తేలే కోర్టు. కుడివైపు వరుసే మీ అసలు పెట్టుబడి. అందులో ఉన్న ప్రతిదాన్నీ ఇక్కడ మీ డబ్బుతో మీరే అమర్చుకోవాలి, లేదా అది లేకుండా పని నడిచే దారి వెతకాలి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ వరుస ఉండదు. యంత్రం ధర పైసలతో సహా ఉంటుంది.

కల్లంలో తేలిన లెక్క

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ గుంటూరు మిర్చి. నెదర్లాండ్స్‌లో ఒక ఆహార కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి తిరిగొచ్చిన అబ్బాయి మా క్లయింటు. అతనికి ఒక విషయం కంఠతా వచ్చు: యూరోపియన్ యూనియన్‌లో ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటిన సరుకుని అక్కడ అమ్మనివ్వరు. ఇది బూజు వల్ల వచ్చే విషం. కాయ సరిగా ఆరకపోతే, రాత్రి మంచుకి తడిస్తే, నేలమీద మట్టి అంటితే బూజు పడుతుంది. బస్తాలో తొక్కేటప్పుడు కాయ చిట్లకుండా నీళ్లు చిలకరించడం మనవైపు పాత అలవాటు. బూజుకి అంతకంటే ఏం కావాలి?

అతని ఆలోచన చక్కగానే ఉంది. కాయల్ని నేలకి ఎత్తుగా వలమీద ఆరబెట్టించడం, తేమ 10 శాతానికి దించడం, పరీక్ష చేయించి ఎగుమతిదారుకి ఎక్కువ ధరకి ఇవ్వడం. పల్నాడు వైపు ఒక ఊళ్లో రైతుల్ని కూర్చోబెట్టి లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించాడు. అంతా తలూపారు, టీ తాగారు, ఎవరి కల్లంలో వాళ్లు ఎప్పట్లాగే నేలమీద పట్టాలు పరుచుకుని ఆరబోశారు. "మనవాళ్లకి మార్పు ఇష్టం ఉండదు మేడమ్" అని నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. తిరిగొచ్చినవాళ్లు ఈ మాట అనగానే నాకు అనుమానం వస్తుంది. ఎక్కడో లెక్క తప్పుతోందని అర్థం.

ఇద్దరం క్యాలిక్యులేటర్ ముందేసుకున్నాం. 14 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయలో నీళ్లు పోను ఉన్నది 86 కిలోలు. ఆ కాయనే 10 శాతానికి ఆరబెడితే తూకం దాదాపు 95 కిలోల 600 గ్రాములకి దిగుతుంది. అంటే క్వింటాల్‌కి నాలుగు కిలోల పైచిలుకు ఎండలో పోయింది. క్వింటాల్ 15,000 రూపాయలు పలుకుతోందనుకుంటే 650 రూపాయలకి పైనే. దానిమీద వలల ఖర్చు, ఇంకో నాలుగు రోజుల కూలి, మబ్బు పడితే టెన్షన్. బాగా ఆరబెట్టిన రైతుకి మన పద్ధతిలో జరుగుతున్నది జరిమానా! రైతుకి ఈ లెక్క నోటికొచ్చు. మనవాడికే కొత్త.

తర్వాతి సీజన్‌లో పద్ధతి మార్చాడు. చేతిలో పట్టుకునే తేమ మీటరు ఒకటి తీసుకెళ్లి, రైతు కళ్లముందే చూసి, తేమ 10 శాతం ఉంటే ఎంత తూగేదో ఆ బరువుకి లెక్కగట్టి డబ్బివ్వడం మొదలుపెట్టాడు. 14 శాతంతో తెస్తే బరువు తగ్గించి లెక్క, 10 శాతంతో తెస్తే పూర్తి లెక్క, పైన బోనస్. లాప్‌టాప్ ఇంట్లో పెట్టేశాడు. మీటరులో అంకె ఎంత చూపిస్తే అంత కాగితం మీద రాసి రైతు సంతకం తీసుకునేవాడు. తాలుకాయలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరే ఆడవాళ్లకి కూడా ఆ అంకె చదవడం నేర్పించాడు. ఇప్పుడు అతను లేకపోయినా వాళ్లే తూకం దగ్గర గొడవ పెట్టుకుంటారు.

మిర్చి జోలికి వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది, యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. లక్షలు పోసి సొంత ల్యాబు పెట్టేముందు ఆ రెండూ చూసి రండి. గుంటూరు దగ్గర లాం ఫారంలో, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, మిర్చి మీదే ఏళ్ల తరబడి పనిచేస్తున్న శాస్త్రవేత్తలు ఉన్నారు, విదేశంలో విన్న సలహాని వాళ్లముందు పెట్టి చూడండి. ఇంకోటి, మేలో గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిస్తారు. ఆ టైములో మార్కెట్ సర్వేకి వచ్చి, ఎవరూ కనిపించక, టిఫిన్ చేసి తిరిగెళ్లినవాళ్లు నాకు తెలుసు.

చేతులు మారాలి

ప్రపంచ బ్యాంకు లెక్కలో 2024లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బు సుమారు 129 బిలియన్ డాలర్లు. అందులో మన వాటా ఏమైందో బెజవాడ నుంచి గుంటూరు దాకా బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది: అపార్ట్‌మెంట్లు, ప్లాట్లు, కళ్యాణ మండపాలు. డబ్బు ఒక్క క్లిక్‌తో వచ్చేస్తుంది. పనితనం అలా రాదు, మనిషి మోసుకురావాలి. మోసుకొచ్చిన మనిషి దగ్గరే ఉండిపోతే, అతను పిల్లల చదువుల కోసం మళ్లీ విమానం ఎక్కిన రోజున అదీ ఎక్కేస్తుంది.

బంగ్లాదేశ్ సంగతి చూడండి. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ 130 మందిని దక్షిణ కొరియాలో దేవూ కంపెనీకి శిక్షణకి పంపింది. కుట్టడం, కత్తిరించడం, నాణ్యత చూడడం, ఎగుమతి కాగితాలు నడపడం నేర్చుకుని వచ్చారు. తర్వాత కొన్నేళ్లలో వాళ్లలో ఎక్కువమంది ఆ కంపెనీ వదిలి, సొంత ఫ్యాక్టరీలు పెట్టడమో ఇతరుల ఫ్యాక్టరీల్లో చేరడమో చేశారు. పంపిన కంపెనీకి అది దెబ్బే. కానీ మన చొక్కా కాలర్ లోపల ఇవాళ మేడిన్ బంగ్లాదేశ్ అని కనిపించడానికి వాళ్లు అలా చెల్లాచెదురైపోవడం ఒక కారణం.

మనవైపు మనిషే కావాలంటే గుల్లపల్లి నాగేశ్వరరావు గారున్నారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో రోచెస్టర్‌లో కంటి వైద్యుడిగా పనిచేసి, తిరిగొచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. తాడిగడపలో ఉన్నది దాని శాఖే. కార్నియా ఆపరేషన్ల గురించి అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే అసలు తెలివి పల్లెల్లోని విజన్ సెంటర్లలో ఉంది. ఇంటర్ దాకా చదివిన స్థానిక పిల్లలకి ఏడాది శిక్షణ ఇచ్చి, కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే పని వాళ్ల చేతికప్పగించారు. డాక్టరు చూడాల్సినవాళ్లే పెద్దాసుపత్రికి వెళ్తారు. పెద్ద డాక్టర్లని ఊరూరా కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదు. ఆ ఊరి అమ్మాయికి నేర్పడం అవుతుంది.

కాబట్టి మీ ప్లానులో ఈ ప్రశ్నకి జవాబు ఉండాలి: మొదటి ఏడాది చివరికి ఈ పని నేను లేకుండా చేయగలిగే ఇక్కడి మనిషి ఎవరు? పేరు రాయండి. పేరు లేకపోతే ప్లాను ఇంకా కాలేదు.

తిరిగొచ్చినవాళ్లంటే సాఫ్ట్‌వేరువాళ్లు, డాక్టర్లు అనే అనుకుంటాం. నేను చూసిన వాటిలో శుభ్రంగా నాటుకున్నది మస్కట్ నుంచి వచ్చిన ఒక మెకానిక్ తెచ్చిన పద్ధతి. ఆటోనగర్‌లో రేకుల షెడ్డు. మస్కట్‌లో అతను పనిచేసిన పెద్ద గ్యారేజీలో ప్రతి బండికీ కంప్యూటర్‌లో జాబ్ కార్డు ఉండేదట. ఇక్కడా కంప్యూటర్ కొంటానన్నాడు. ముందు కార్బన్ పేపరున్న పుస్తకంతో మొదలుపెట్టమన్నాను. బండి రాగానే కస్టమర్ చెప్పిన కంప్లయింట్ తెలుగులో, అతని మాటల్లోనే రాస్తాడు: "బ్రేకు తొక్కితే కుయ్యిమంటోంది." కింద మార్చాల్సిన పార్టులు, ఒక్కోదానికి ధర. ఇదంతా మామూలే అనిపించొచ్చు. మామూలు కానిది తర్వాత ఉంది. మార్చిన పాత పార్టుకి సుతిలితో అట్టముక్క కట్టి, దానిమీద బండి నంబరు రాసి, బిల్లుతో పాటు కస్టమర్ చేతిలో పెడతాడు. నా కారు బ్రేకు ప్యాడ్లు అలాగే ఇచ్చాడు, గ్రీజు అంటకుండా పాత పేపర్లో చుట్టి. ఎంత అరిగాయో వేలుతో చూపించాడు. బిల్లు మీద బేరమాడడానికి నాకు నోరు రాలేదు.

రెండేళ్లు తిరక్కుండా ఎదురు షెడ్డులో, పక్క షెడ్డులో అట్టముక్కలు కనిపించడం మొదలైంది. అతని దగ్గర పనిచేసిన కుర్రాడు వేరే షెడ్డు పెట్టుకుని అదే చేశాడు. "కాపీ కొట్టేస్తున్నారు మేడమ్" అని మా మెకానిక్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఊరికి మేలు జరిగేది సరిగ్గా ఇలాగే. మీకు నష్టం జరిగేదీ ఇక్కడే. రెండూ నిజమే కాబట్టి ముందే లెక్కలో వేసుకోండి. కొత్త పద్ధతి మీద వచ్చే అదనపు లాభం ఒకటి రెండేళ్లకి మించి ఉండదని అనుకుని ధరలు, అప్పు వాయిదాలు కట్టుకోండి. బ్యాంకుకిచ్చే ప్రొజెక్షన్‌లో ఐదేళ్లూ అదే లాభం చూపించమని నన్ను బతిమాలకండి.

"అక్కడైతే" అనకండి

"మా డాలస్‌లో అయితే..." అని మొదలుపెట్టిన వాక్యం ఎంత మంచిదైనా సగంలోనే చచ్చిపోతుంది. వినేవాడు మాట మీద కాకుండా డాలస్ మీద కోపం తెచ్చుకుంటాడు. అదే విషయం "ఇలా చేస్తే మీకు పొద్దున్న గంట మిగులుద్ది" అంటే వింటాడు.

మన పాతతరం ఈ సూక్ష్మం బాగా పట్టుకుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడిన్‌బరోలో ఎంఏ చేసొచ్చారు. చీరాల, పేరాలని మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే (పన్ను గొడవ కాబట్టి నాకు కొంచెం ప్రత్యేకమైన ఆసక్తి) 1921లో ఆయన వెనక జనం ఊరే ఖాళీ చేసి రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలున్నారు. ఆయన కూడగట్టిన వాలంటీర్లకి పెట్టిన పేరు రామదండు. స్కాట్లండ్ ఊసు ఎక్కడా లేదు. ఎన్.జి.రంగా గారు ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివొచ్చి, రైతు కార్యకర్తలకి పాఠాలు చెప్పే విద్యాలయం పెట్టింది సొంతూరు నిడుబ్రోలులో. చదువు ఎక్కడిదైనా కావచ్చు, వినేవాడికి అది తన ఊరి మాటలా వినపడింది.

పిలుపుల దగ్గర కూడా తొందరపడకండి. ఒకాయన గుంటూరు దగ్గర చిన్న యూనిట్ పెట్టి మొదటి రోజే అందరినీ పిలిచి "నన్ను సార్ అనొద్దు, పేరుతో పిలవండి" అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే. పాపం, తమకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన్ని పేరు పెట్టి పిలవలేక, సార్ అనకూడదు కాబట్టి అనలేక, వర్కర్లు అసలు పిలవడమే మానేశారు. మోటారు కాలుతున్నా చెప్పడానికి ఎవరూ రాలేదు. చివరికి ఒక పెద్దామె "బాబుగారూ" అని మొదలుపెట్టింది, కుర్రాళ్లు "అన్నా" దగ్గర స్థిరపడ్డారు. తప్పు చెప్పినవాడిని తిట్టకుండా ఉంటే చాలు, ఏ పేరుతో పిలిచినా మీరు కోరుకున్న సమానత్వం దానంతటదే వస్తుంది.

రావడానికి ముందు

సంక్రాంతికి వచ్చి చూసి నిర్ణయం తీసుకోకండి. అప్పుడు గాలి చల్లగా ఉంటుంది, చుట్టాలంతా ప్రేమగా ఉంటారు, అరిసెలుంటాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఒకసారి రండి. మీ పని షెడ్డు కింద నడిచేదైతే మధ్యాహ్నం రెండింటికి ఆ షెడ్డులో గంట నిలబడండి. అజిత్‌సింగ్ నగర్ వైపు గోడౌన్ అద్దెకి తీసుకుంటే 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో పక్కింటివాళ్లని అడగండి. ఓనరుని కాదు.

ఇక నా వృత్తి సంగతి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే ఆదాయపు పన్ను లెక్కలో రెసిడెంట్ అవుతారు. కొన్ని సందర్భాల్లో 60 రోజులకే అవుతారు కాబట్టి టికెట్ బుక్ చేసేముందు రోజులు లెక్కపెట్టించుకోండి. గత 10 ఆర్థిక సంవత్సరాల్లో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, గత 7 ఏళ్లలో ఇండియాలో గడిపిన రోజులు 729 దాటకపోయినా మీరు ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే రెసిడెంటే కానీ ఇంకా మామూలు రెసిడెంట్ కాదు. ఆ హోదా ఉన్నంతకాలం విదేశంలో వచ్చే అద్దెలు, వడ్డీల మీద సాధారణంగా ఇక్కడ పన్నుండదు. 401కె (అమెరికాలో రిటైర్మెంట్ పొదుపు) డబ్బు కదపడం, అక్కడి షేర్లు అమ్మడం లాంటివి ఈ హోదా చూసుకుని చేయండి. అది అయిపోయి మామూలు రెసిడెంట్ అయ్యాక విదేశీ ఖాతాలు, షేర్లు అన్నీ రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి. దాస్తే నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. సంపాదన తెల్లగానే ఉన్నా, చూపించకపోవడమే తప్పు.

ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం, రోజుల లెక్కతోనే ఆగదు, స్థిరపడే ఉద్దేశంతో వచ్చారా అని కూడా చూస్తుంది. వచ్చాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాని (ఎన్నారైలు విదేశీ సంపాదన ఇక్కడ వేసుకునేది) అలాగే నడపకూడదు. రెసిడెంట్ ఖాతాగా మార్పించండి, లేదా డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ (రెసిడెంట్ ఫారిన్ కరెన్సీ) ఖాతా తెరవండి. పొలం విషయంలో మోమాటపడకండి: విదేశాల్లో ఉంటున్న ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు సాగుభూమి, తోటలు, ఫాంహౌసులు కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. "మా పెదనాన్న పేరుమీద కొనేసి తర్వాత చూసుకుంటాం" అన్నవాళ్లు తర్వాత చూసుకుంటూనే ఉన్నారు, కోర్టులో.

ఇంటి ఖర్చుకి రెండేళ్ల డబ్బు వ్యాపారానికి అందని ఖాతాలో పడేయండి. అమ్మానాన్నల ఆరోగ్య పాలసీ ఇంకా తీసుకోకపోతే తిరిగొచ్చేదాకా ఆగకండి. ముందునుంచే ఉన్న జబ్బులకి కంపెనీలు 3 ఏళ్ల దాకా ఆగమనొచ్చు. ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే లేచి వచ్చేయండి.

చుట్టాలతో భాగస్వామ్యం దగ్గర చాలా మంచి ఆలోచనలు మునిగిపోతాయి. మీరు అక్కడున్నన్నాళ్లూ స్థలం చూసింది, కరెంటు మీటరు పెట్టించింది, పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగింది బావమరిదో తమ్ముడో అయి ఉంటారు. మీ దృష్టిలో అది సాయం. వాళ్ల దృష్టిలో అది వాటా. మాట రాకముందే వాళ్ల పనికి నెలకింత అని జీతం కట్టి రాసేయండి, వాటా ఇస్తే శాతం రాయండి, విడిపోతే మెషీన్లు ఎవరివో కూడా రాయండి. డీడు స్టాంపు పేపరు మీద ఉండాలి, వాట్సాప్‌లో కాదు.

ఎవరైనా ఆడిటర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టులో ప్రతి పేజీ జిరాక్స్, గత ఏడేళ్ల రాకపోకల తేదీలు, అన్ని దేశాల్లోని ఖాతాల జాబితా, పైన చెప్పిన మడత కాగితం పట్టుకెళ్లండి. బావమరిదిని కూడా తీసుకెళ్లండి.